అనధికార శుభ్రత

హాలోవీన్ పండగ వల్ల కోనాడపేట ఊళ్ళో ఎంత చెత్త పోగవుతుంది అన్న ప్రశ్నకి శానిటరీ ఇన్‌స్పెక్టరు లెంక తవిటినాయుడు సున్నా అని రాశాడు. గొడవంతా అక్కడే మొదలైంది.

ఆయన అబద్ధం రాయలేదు. రాజధాని నుంచి వచ్చిన ఆ ఫారం పేరు 'హరిత పర్వ సూచిక'. అందులో నలభై రెండు పండగలున్నాయి. ఏ పండక్కి నిరుడు ఎంత చెత్త వచ్చింది, ఈ ఏడు ఎంత వచ్చింది, ఎంత శాతం తగ్గించారు, ఇవన్నీ నింపి పంపితే పురపాలక సంఘాలకి ర్యాంకులిస్తారు. వినాయక చవితి, దీపావళి, అమ్మవారి సంబరం దాకా నిరుటి లెక్కలు తవిటినాయుడు చకచకా నింపేశాడు. ఎనిమిదేళ్ళుగా ఆ ఊరి చెత్తతోనే కాపురం చేస్తున్నవాడు. ఏ వీధిలో ఏ రోజు ఎన్ని తోపుడు బళ్ళు నిండుతాయో ఆయనకి నోటికి వచ్చు. తడిచెత్త వేరు, పొడిచెత్త వేరు అని ఇంటింటికీ తిరిగి చెప్పి, తిట్టి, బతిమాలి, చివరికి ఊరి చేత బుట్టల్లో వేయించగలిగాడు. పెళ్ళిళ్ళలో కూడా జనం ఆయన్ని చూసి విస్తరి ఎక్కడ పడెయ్యాలో వెతుక్కునేవారు.

ముప్ఫై ఏడో వరసలో హాలోవీన్ అని ఉంది. అదేమిటో తెలియక టైపిస్టును అడిగాడు. విదేశాల్లో దెయ్యాల పండగనీ, గుమ్మడికాయలకి కళ్ళూ నోరూ చెక్కి లోపల దీపం పెడతారనీ, పిల్లలు దెయ్యాల వేషాలేసుకుని ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడుగుతారనీ ఆవిడ చెప్పింది. కోనాడపేటలో ఎవరూ అలాంటిది చేసుకోరు గనక సున్నా వేసి టీ తాగడానికి వెళ్ళాడు.

వచ్చేసరికి కంప్యూటరు ఆ సున్నాని తిప్పికొట్టింది. ఆయన మళ్ళీ వేశాడు. అది మళ్ళీ కొట్టింది. ఫారం కింద ఉన్న నెంబరుకి ఫోను చేస్తే ఒక అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది.

"సర్, జీరో తీసుకోదు సర్. నిరుటి చెత్త ఎంతో వేస్తేనే ఈ ఏడు ఎంత తగ్గిందో లెక్క కడుతుంది."

"నిరుడు చెత్త లేదమ్మా. అసలు ఆ పండగే లేదు మా ఊళ్ళో."

"అంటే మీ దగ్గర పండగ స్వీకరణలో లోటు ఉంది సర్. దానికి నెగటివ్ మార్కులుంటాయి."

"చెత్త లేకపోవడం మంచిదే కదమ్మా."

ఆ అమ్మాయి ఒక్క నిమిషం ఆగమని, ఎవరినో అడిగి వచ్చింది. "చెత్త తగ్గించడం మంచిది సర్. లేకపోవడానికి కాలమ్ లేదు."

తవిటినాయుడు ఈ సంగతి కమిషనరు చక్రధర్ గారికి చెప్పాడు. చక్రధర్ ఆ ఊరికి వచ్చి ఆరు నెలలైంది. ఇంకో ఆరు నెలల్లో ఏదో ఒక ర్యాంకు తెచ్చుకుని పెద్ద నగరానికి వెళ్ళిపోవాలని ఆయన కోరిక. ఆ కోరికలో తప్పు లేదు. కానీ పక్క మునిసిపాలిటీ వాళ్ళు హాలోవీన్ వరసలో పదిహేను వందల కిలోలు చూపించారని తెలిసిన దగ్గర్నుంచి ఆయనకి అన్నం సయించడం లేదు.

"చూశారా తవిటినాయుడు గారూ, మనం శుభ్రంగా ఉండటం వల్ల వెనకబడిపోయాం," అన్నాడాయన. "తగ్గించాలంటే ముందు ఉండాలి కదా. ఉన్నదాన్ని తగ్గించడమే పరిపాలన."

"మరి ఇప్పుడేం చేద్దామంటారండి? ఏదో ఒక అంకె వేసేద్దామా?"

చక్రధర్ మొహం చిట్లించాడు. ఆయన నిజాయితీ గల అధికారి. పైగా ఎక్కడ తీశారో ఫొటో మీదే అచ్చుపడే ఫొటోలు జతచేయాలి, తూకం రసీదులు జతచేయాలి. దొంగలెక్క కుదరదు. నిబంధనల పుస్తకం తిరగేశాడు. ఆరవ అనుబంధంలో దారి దొరికింది. నిరుటి వివరాలు లేని పురపాలక సంఘాలు అక్టోబరు పదిహేనులోగా 'ఆధార కార్యక్రమం' ఒకటి నిర్వహించి, దాన్ని నిరుటి లెక్కగా చూపుకోవచ్చు.

"అంటే మనకి రెండు హాలోవీన్లు," అన్నాడు చక్రధర్, మొహం వెలిగిపోతుండగా. "పదో తారీఖున కాలుష్యకరమైనది. ముప్ఫై ఒకటిన పర్యావరణహితమైనది. మొదటిది ఎంత ఘోరంగా ఉంటే రెండోది అంత ఘనంగా ఉంటుంది. మొదటిదానికి మీరే నోడల్ అధికారి."

తవిటినాయుడికి రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్ళుంది. తల ఊపి బయటికి వచ్చాడు.

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. "విషయం: ఆధార హాలోవీన్ - తగినంత చెత్త ఉత్పత్తి - పారిశుద్ధ్య సేవల తాత్కాలిక నిలుపుదల - ఆదేశములు జారీ చేయుట - గురించి" అని పైన ఉంది. పదో తారీఖు నుంచి పన్నెండో తారీఖు సాయంత్రం తూకం అయ్యేదాకా ఊళ్ళో ఎవరూ చీపురు పట్టరాదు. ఆ కాగితం అడుగున తవిటినాయుడు తన పొడి సంతకం పెట్టాడు. తొందరగా పెట్టేశాడు, చదివితే పెట్టలేననిపించి.

పారిశుద్ధ్య కార్మికులందరినీ మునిసిపల్ షెడ్డు దగ్గర నిలబెట్టి సంగతి చెప్పాడు. వాళ్ళకి మేస్త్రి బంగారమ్మ. యాభై దాటిన మనిషి. ఇరవై రెండేళ్ళుగా బజారు వీధి ఊడుస్తోంది. ఇప్పటికీ ఔట్‌సోర్సింగే. మొగుడు పోయాక ముగ్గురు పిల్లల్ని ఆ చీపురు మీదే పెంచింది. ఆవిడ మొత్తం విని, చెంగుతో మొహం తుడుచుకుంది.

"దెయ్యాలకి పండగేటి బాబూ? అమాసకి మూడు దారుల కాడ ముద్దెట్టి, మళ్ళీ రావద్దని దండమెట్టి వచ్చీస్తాం గానీ, రమ్మని పిలుస్తామేటి?"

"పిలవాలట. రూలు."

"పిలిస్తే పిలిసినారు. ఊడవొద్దంటారేటి?"

"మూడ్రోజులే బంగారమ్మా. తర్వాత మామూలే."

"ఆకాశం సూసినారా?" అంది బంగారమ్మ. "మబ్బు పట్టీసి ఉన్నాది. పెద్దకాలవ మూతి బజారు ఈదిలోనే ఉంది. కవర్లు గాని దాంట్లో పడితే నీళ్ళన్నీ మా పేటలోకే వచ్చీస్తాయి."

తవిటినాయుడికి ఆ సంగతి ఆవిడ కన్నా బాగా తెలుసు. ఆ కాలవ మూతికి జల్లెడ వేయించమని ఆయన రాసిన కాగితాలు ఆఫీసులో ఎక్కడో ఉన్నాయి. "చూద్దాంలే" అన్నాడు. ఆ మాట అన్నందుకు ఆ రోజంతా మనసు పీకుతూనే ఉంది.

చెత్త చెయ్యడం అనుకున్నంత తేలిక కాదని రెండు రోజుల్లో తెలిసింది. ముందు సరుకు కావాలి. పలచటి ప్లాస్టిక్కునీ థర్మోకోలునీ ఊళ్ళో నిషేధించింది తవిటినాయుడే. దుకాణాల మీద దాడులు చేసి పట్టుకున్న కవర్లూ కంచాలూ గ్లాసులూ గోడౌనులో కొండలా పడున్నాయి. వాటిని ఎవరి దగ్గర పట్టుకున్నారో వాళ్ళకే తిరిగి ఇచ్చి, పండగ పూట విరివిగా వాడించాలని కమిషనరు ఆదేశం.

తవిటినాయుడు ఆటోలో మూటలేయించుకుని ముందుగా పొట్నూరి విశ్వనాథం కిరాణా కొట్టు దగ్గర ఆగాడు. ఆటో ఆగీ ఆగకముందే విశ్వనాథం గల్లాపెట్టె వెనక నుంచి లేచి రెండు చేతులూ పైకెత్తాడు.

"నా దగ్గిర ఒక్క కవరు లేదండి. వెతుక్కోండి. అన్నీ గుడ్డ సంచులే."

"నేను పట్టుకోడానికి రాలేదు విశ్వనాథం. ఇవ్వడానికొచ్చాను. ఇదిగో, మొన్న వేసంగిలో నీ కొట్లో పట్టుకున్న కవర్లు."

విశ్వనాథం మూట వంకా ఆయన మొహం వంకా మార్చి మార్చి చూశాడు. ఇరవై ఏళ్ళ వ్యాపారంలో ప్రభుత్వం తన దగ్గర తీసుకున్నది తిరిగి ఇవ్వడం అతను చూడలేదు. "వీటిని తీసుకుంటే ఎంత ఫైను?" అని అడిగాడు.

"తీసుకోకపోతే ఫైను."

"పోయినేడు మీరే కదండీ నా కొట్టు ముందు మైకెట్టి, ప్లాస్టిక్కు తిన్న ఆవు కడుపులో ఏటున్నాదో బొమ్మలు చూపించారు."

"చూపించాను."

"ఆ ఆవు ఇప్పుడేం చేస్తాదండి?"

దానికి జవాబు ఉత్తర్వులో లేదు. తవిటినాయుడు కాగితం మీద సంతకం పెట్టించుకుని వచ్చేశాడు. ఆటో ఎక్కే దాకా వెనక్కి చూడలేకపోయాడు.

తర్వాత దెయ్యాలు కావాలి. ఏ సభకి జనం తక్కువైనా డ్వాక్రా సంఘాల ఆడవాళ్ళని పిలవడం ఆ ఊళ్ళో ఆనవాయితీ. ఆరువందల నలభై మందికి కబురు వెళ్ళింది, తెల్లచీరలు కట్టుకుని దెయ్యాల్లా రావాలని. వాళ్ళు పదో తారీఖున పట్టుచీరలు కట్టుకుని, మొహాన రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టుకుని, తల్లో పూలతో వచ్చారు. "మేం ముత్తయిదువులం. మీరు మీటింగంటే ఎండలో కూసుంటాం, దెయ్యమంటే దెయ్యంగా కూసుంటాం గానీ తెల్లచీర కట్టం," అని వాళ్ళ అధ్యక్షురాలు తేల్చి చెప్పేసింది. కమిషనరు అక్కడికక్కడే రంగు దుస్తుల దెయ్యాలకి ప్రత్యేక సడలింపు ఇచ్చాడు.

ఫారంలో 'దెయ్యాల వేషధారులు' అని లేదు. 'హాజరైన దెయ్యాల సంఖ్య' అని మాత్రమే ఉంది. చక్రధర్ ఆ గడిలో ఆరువందల నలభై వేసి, కింద "పై సంఖ్యలో దెయ్యములు ఈ పురపాలక సంఘ పరిధిలో తిరిగినవని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది" అని ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టి, గుండ్రటి ముద్ర వేశాడు.

పండగ అయితే జరిగింది గానీ చెత్త పడలేదు. ఫలహారం ప్లాస్టిక్కు కంచాల్లో పెడితే ఆడవాళ్ళు తిని, కడిగి, మళ్ళీ పనికొస్తాయని సంచుల్లో దాచుకున్నారు. తాగిన గ్లాసులు పట్టుకుని బుట్ట ఎక్కడుందో వెతుక్కుంటూ తిరిగారు. బుట్టలన్నీ ముందు రోజే తీయించేశారు. ఒక ముసలావిడ గ్లాసు చేతిలో పెట్టుకుని తవిటినాయుడి దగ్గరికే వచ్చింది.

"ఇదెక్కడ పడెయ్యాలి నాయినా?"

"అక్కడే వదిలేయ్ అమ్మా."

"కింద పారెయ్యకూడదని నువ్వే కదా సెప్పినావు. నా మనవరాలికి కూడా సెప్పినావు, బడికొచ్చి."

ఆయన ఆ గ్లాసు అందుకుని, ఆవిడ వెళ్ళేదాకా ఆగి, చుట్టూ చూసి, నేల మీద వదిలాడు. ఎనిమిదేళ్ళలో ఆయన చేతుల మీదుగా రోడ్డు మీద పడ్డ మొదటి చెత్త అది. అది గాలికి దొర్లుకుంటూ వెళ్ళి సిమెంటు దిమ్మకి తగిలి ఆగింది. సాయంత్రానికి కమిషనరు విసిగిపోయి గోడౌనులో మిగిలిన మూటలన్నీ విప్పించి వీధి వీధిలోనూ బళ్ళతో పోయించాడు.

పదకొండో తారీఖు ఉదయం అయిదున్నరకి అలవాటు కొద్దీ తవిటినాయుడు స్కూటరు మీద బయల్దేరాడు. తుంపర పడుతోంది. ఊరంతా కవర్లు. చెట్ల మీద, తీగల మీద, దేవుడి గుడి గోపురం మీద. బజారు వీధి మలుపు తిరగబోతుండగా దూరంగా తెల్లగా ఒక ఆకారం కనిపించింది. తల మీద నుంచి నడుం దాకా ఎరువుల సంచి కప్పుకుని, వంగి, పొడుగు చీపురుతో బరబరా ఊడుస్తోంది. ఆ వంపూ ఆ విసురూ ఆయనకి తెలుసు. ఊరి చివర్నుంచి చూసినా గుర్తుపట్టగలడు.

ఆగి వద్దని చెప్పాలి. నోడల్ అధికారి. ఆయన ఒక్క క్షణం ఇంజను ఆపి నిలబడ్డాడు. తర్వాత స్కూటరు మెల్లగా వెనక్కి తిప్పుకుని వేరే సందులోంచి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం వాన కుండపోతగా కురిసింది. బజారు వీధి కాలవ మూతి శుభ్రంగా ఉండటంతో ఆ నీళ్ళన్నీ దారినపడి పోయాయి. బంగారమ్మ వాళ్ళ పేటలో ఒక్క ఇంట్లోకీ నీళ్ళు రాలేదు. ఉత్తర్వుని అందరికన్నా తు చ తప్పకుండా పాటించింది ఆఫీసర్ల కాలనీ. అక్కడ కాలవలు కవర్లతో బిగుసుకుపోయి కమిషనరు గారి బంగళాలోకి మోకాలి లోతు నీళ్ళొచ్చాయి. ఆయన సోఫా వరండాలోకి తేలి వచ్చి గుమ్మానికి అడ్డం పడింది.

పన్నెండున తూకం వేశారు. వానకి తడిసి, బురద పట్టి, ఆ చెత్త నాలుగు వేల ఎనిమిది వందల అరవై కిలోలు తూగింది. పక్క మునిసిపాలిటీ కన్నా మూడింతలు. చక్రధర్ తడి ప్యాంటుతోనే నిలబడి ఫొటో దిగాడు. "ఇంత బలమైన ఆధారం రాష్ట్రంలో ఎవరికీ ఉండదు," అన్నాడు. తవిటినాయుడి మనుషులు రెండు రోజులుగా నడుముల్లోతు నీళ్ళలో దిగి కవర్లు లాగుతూనే ఉన్నారు. ఆయన కూడా దిగాడు. అరచేతులు తెల్లగా నాని ముడతలు పడి ఉన్నాయి.

వివరాలు పంపిన మర్నాడు కంప్యూటరు ఎర్ర గీత గీసింది. బజారు వీధి ఉన్న పద్నాలుగో వార్డులో ఆధార చెత్త సున్నా. ఒక వార్డు సున్నా అయితే మొత్తం ఊరి శాతం తేలదు. బాధ్యులెవరో గుర్తించి, వారిపై తీసుకున్న చర్య తాలూకు ఉత్తర్వు జతచేస్తే ఆ వార్డుని లెక్కలోంచి మినహాయిస్తారట.

కమిషనరు వెంటనే మెమో రాయించాడు. "విషయం: అనధికార శుభ్రత - వివరణ కోరుట - గురించి. పద్నాలుగవ వార్డు పారిశుద్ధ్య మేస్త్రి శ్రీమతి బంగారమ్మ తేదీ పదకొండు ఉదయం, పై అధికారుల అనుమతి లేకుండా, ఉద్దేశపూర్వకంగా బజారు వీధిని ఊడ్చి, సదరు వీధిని శుభ్రస్థితికి తెచ్చి, తద్వారా ప్రభుత్వ కార్యక్రమమునకు విఘాతం కలిగించినట్లు తెలియవచ్చుచున్నది. ఆమెను విధుల నుండి ఎందుకు తొలగించరాదో..." అని సాగింది. విచారణాధికారి తవిటినాయుడే.

మెమో ఇవ్వడానికి ఆయనే ఆవిడ ఇంటికి వెళ్ళాడు. వాన వెలిసి ఎండ కాస్తోంది. ఆవిడ గుమ్మంలో చింతపండు పిక్కలు తీస్తోంది. చదివి వినిపించమంది. వినిపించాడు.

"ఏటి, ఊడిసినందుకేనా బాబూ?"

"ఊడిసినందుకే."

"ఇరవై రెండేళ్ళ బట్టీ, ఊడవలేదని మెమోలు సూసినాను. ఓపాలి జొరమొచ్చి పడుకున్నప్పుడు ఇచ్చినారు, మా ఆయన పోయినప్పుడు ఇచ్చినారు. ఊడిసినావని ఇవ్వడం ఇదే మొదలు." ఆవిడ పిక్క ఒకటి తీసి పక్కన పడేసింది. "ఒప్పీసుకుంటాను. నానే ఊడిసినాను. అబద్ధమెందుకు."

"ఒప్పుకోకు. నేను అడిగేదాకా ఏమీ రాయించకు," అన్నాడు తవిటినాయుడు. ఆ రోజు నిన్ను చూశానని చెప్పాలనుకున్నాడు. చెప్పలేదు. కాఫీ ఇస్తానంటే వద్దనలేక తాగాడు.

విచారణ నడుస్తుండగానే ముప్ఫై ఒకటో తారీఖు వచ్చింది. పర్యావరణహిత హాలోవీన్ చూడటానికి రాజధాని నుంచి శ్రీకర్ అనే మదింపు అధికారి వచ్చాడు. వయసు పాతికకి మించదు. ఖద్దరు లాల్చీ వేసుకుని, వెదురుతో చేసిన నీళ్ళసీసా భుజాన తగిలించుకున్నాడు. ప్రతి మాటకీ టాబ్లెట్‌లో ఏదో కొట్టుకుంటున్నాడు.

కరెంటు ఖర్చవకూడదని పండగ పొద్దున్న పదింటికి పెట్టారు. దెయ్యాలు ఎండకి చెంగులు కప్పుకుని షామియానా కింద కూర్చున్నాయి. దీపాలు పొగ గనక దీపాల్లేవు. మిఠాయి పెడితే ఆకు మిగులుతుంది గనక మిఠాయి లేదు. కాయ చెక్కితే గుజ్జు మిగులుతుంది గనక కాయ చెక్కలేదు. కమిషనరు హాలోవీన్ స్ఫూర్తి గురించి గంటసేపు మాట్లాడాడు. దానివల్ల మాత్రం చెత్త రాదని శ్రీకర్ ఒప్పుకున్నాడు.

"గుమ్మడికాయ ప్రదర్శన ఎన్ని ఇళ్ళలో ఉంది?" అని అడిగాడు శ్రీకర్.

తవిటినాయుడు ఆయన్ని బజారు వీధి వెంట నడిపించాడు. ప్రతి కొట్టు ముందూ, ప్రతి ఇంటి గుమ్మానికీ బూడిద గుమ్మడికాయ వేలాడుతోంది. కొన్నిటికి కళ్ళూ కోరలూ కూడా గీసి ఉన్నాయి. శ్రీకర్ ఆశ్చర్యపోయాడు. ఇంత స్వీకరణ ఆయన హైదరాబాదులో కూడా చూడలేదట. విశ్వనాథం కొట్టు ముందు ఆగి, ఈ కాయ ఎందుకు కట్టారని అడిగాడు.

"దిష్టికండి. దెయ్యాలు లోపలికి రాకుండా."

శ్రీకర్ వేలు ఆగిపోయింది. "అంటే మీకు దెయ్యాల పట్ల ప్రతికూల భావన ఉందా?"

"అనుకూల భావన ఎవరికుంటాదండి?" అన్నాడు విశ్వనాథం.

శ్రీకర్ అవగాహనా సదస్సు అవసరం అని రాసుకున్నాడు. ఇంకొక్క గడి మిగిలింది. దెయ్యాల రాకపోకల వల్ల పడే కర్బన పాదముద్ర, అంటే ప్రయాణానికి కాలే ఇంధనం పొగ లెక్క. ఆరువందల నలభై దెయ్యాలు ఇక్కడికి ఎలా వచ్చాయని అడిగాడు. ఆటోల్లో వచ్చాయంటే మార్కులు పోతాయని కమిషనరు వెనక నుంచి సైగ చేస్తున్నాడు.

తవిటినాయుడు గొంతు సవరించుకున్నాడు. "దెయ్యాలకి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయండి. మా వైపు చిన్నపిల్లలకి కూడా తెలుసు."

"అయితే?"

"అడుగు ముందుకేస్తే ముద్ర వెనక్కి పడుతుంది."

శ్రీకర్ ఆ గడిలో సంఖ్య వేసి, దాని ముందు మైనస్ గుర్తు పెట్టాడు. కంప్యూటరు తీసుకుంది. వాళ్ళు దేన్ని నమ్ముతారో, దేన్ని నమ్మరో తవిటినాయుడికి ఆ క్షణంలో అర్థమైంది. వాళ్ళు అబద్ధాన్ని ఒప్పుకోరు. గడిలో పట్టేదాన్ని ఒప్పుకుంటారు.

ఆ మధ్యాహ్నం తన గదికి వెళ్ళి తలుపు వేసుకుని విచారణ నివేదిక రాయడానికి కూర్చున్నాడు. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో అంత శ్రద్ధగా ఏ కాగితమూ రాయలేదు. రెండుసార్లు చింపేశాడు. మూడోసారి రాసింది కమిషనరు బల్ల మీద పెట్టి నిలబడ్డాడు.

చక్రధర్ పైకే చదివాడు. "తేదీ పదకొండు ఉదయం అయిదున్నర గంటలకు బజారు కూడలి సీసీ కెమెరాలో నమోదైన దృశ్యము పరిశీలించడమైనది. అందు కనిపించు ఆకారము తల నుండి నడుము వరకు తెల్లగా ఉన్నది. ముఖము లేదు. సదరు ఆకారము ఊడ్చుచున్నది. పదవ తేదీన ఆరువందల నలభై దెయ్యములు ఈ పురపాలక సంఘ పరిధిలో తిరిగినవని గౌరవ కమిషనరు గారు ధ్రువీకరించియున్నారు. అవి తిరిగి వెళ్ళినట్లు ఎక్కడా ధ్రువీకరణ లేదు. కావున సదరు ఆకారము వాటిలో ఒకటి కాదనుటకు ఆధారము లేదు. శ్రీమతి బంగారమ్మపై అభియోగము రుజువు కాలేదు. వీధి ఊడ్చినది దెయ్యమని భావించవచ్చును."

గదిలో ఫ్యాను కిర్రుమంటోంది. చక్రధర్ కాగితం కింద పెట్టి తవిటినాయుడి మొహంలోకి చూశాడు. ఆ మొహంలో ఏమీ లేదు.

"మీరు నన్ను ఇరికిస్తున్నారా?"

"లేదండి. దెయ్యాలు లేవని మీరు రాసిస్తే నివేదిక మార్చేస్తాను. అప్పుడు పదో తారీఖు హాజరు కూడా మార్చాలి. ఆధారం పోతుంది. ర్యాంకు..."

"ఆగండి." చక్రధర్ కళ్ళు మూసుకున్నాడు. బాధ్యులపై చర్య తీసుకున్న ఉత్తర్వు సాయంత్రం అయిదు లోగా పంపాలి. బాధ్యులు ఎవరైతేనేం అన్న విషయం ఆయనకి మెల్లమెల్లగా బోధపడుతున్నట్టు తవిటినాయుడు గమనించాడు. మూసుకున్న కళ్ళు తెరిచేసరికి ఆయన మళ్ళీ అధికారి అయిపోయాడు. కలం మూత తీశాడు.

"సదరు దెయ్యం రెగ్యులరా, ఔట్‌సోర్సింగా?"

"ఔట్‌సోర్సింగేనండి. రెగ్యులరయితే తెల్లారకుండా వచ్చి ఎందుకు ఊడుస్తాది?"

అది చక్రధర్‌కి సబబుగానే తోచింది. "సదరు దెయ్యము సేవలను తక్షణము రద్దు పరచడమైనది. శ్రీమతి బంగారమ్మ విధులలో కొనసాగవచ్చును" అని ఆకుపచ్చ సిరాతో రాసి సంతకం పెట్టాడు. అయిదింటికి ఉత్తర్వు వెళ్ళింది. అయిదున్నరకి కంప్యూటరు ఎర్రగీత తీసేసింది. నూటికి నూరు శాతం తగ్గింపుతో కోనాడపేటకి ఆ వరసలో రాష్ట్రంలో మొదటి ర్యాంకు వచ్చింది.

తవిటినాయుడు ఉత్తర్వు నకలు జేబులో పెట్టుకుని బజారు వీధికి వెళ్ళాడు. బంగారమ్మ కాలవ మూతి దగ్గర చెత్త బండికి ఎత్తుతోంది. ఆయన స్కూటరు దిగి కాగితం విప్పి, నిలబడి, మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదివి వినిపించాడు. పదకొండో తారీఖున నిన్ను చూసి వెనక్కి తిరిగిపోయానని కూడా చెప్పేశాడు.

"నాకు తెల్సు బాబూ. మీ స్కూటరు సౌండు నాకు తెలీదా," అంది బంగారమ్మ. చీపురు గోడకి ఆనించి, నడుం మీద చెయ్యేసుకుని, ఆ కాగితం వంక కాసేపు చూసింది.

"అయితే దాన్ని తీసేసినారన్నమాట."

"తీసేశారు."

"ఒక్క ముక్క అడక్కుండానే?"

"ఔట్‌సోర్సింగ్ కదా."

"పాపం," అంది బంగారమ్మ. "దానికీ పిల్లలుంటారేమో బాబూ."